ప్రతిసారీ అదే చోట మచ్చ: నొప్పి మాత్రలను ఎందుకు అనుమానించాలి?

బెంగళూరు నుంచి 34 ఏళ్ల పాఠకుడు ఒకరు పేరు లేకుండా పెద్ద ఉత్తరం రాశారు. దాని సారాంశం ఇది.

వారి సొంతూరు మదనపల్లె దగ్గర ఒక పల్లె. పీణ్యాలో ఒక మెషిన్ షాపులో సీఎన్‌సీ ఆపరేటర్. రోజుకు 10, 12 గంటలు నిలబడే పని కావడంతో నడుము నొప్పి పట్టుకుంది. నొప్పి భరించలేని రోజున దాసరహళ్లిలో ఇంటికెళ్లే దారిలో ఉన్న మెడికల్ షాపులో చెబితే, రెండు మూడు రకాల మాత్రలు కత్తిరించి కాగితం కవర్లో వేసిస్తారు. వాటి పేర్లు ఈయనకు తెలియవు. రెండేళ్ల కిందట ఎడమ మణికట్టు మీద రూపాయి బిళ్ళంత ఎర్రటి మచ్చ లేచింది. మంట పుట్టి, వారం పది రోజుల్లో నల్లబడి అలాగే ఉండిపోయింది. తర్వాత కింది పెదవి మీద ఇంకొకటి వచ్చింది. గడిచిన ఏడాదిలో మర్మాంగం మొన మీద మూడుసార్లు వచ్చింది: మొదట మంట, మర్నాటికి పొక్కు, పైచర్మం ఊడి పచ్చిపుండు, మానాక నల్లమచ్చ. అది వచ్చినప్పుడల్లా పెదవి, మణికట్టు మీది మచ్చలు కూడా ఎర్రబడి దురద పెట్టాయి.

డిసెంబరులో, ఆగస్టులో నడుము నొప్పి మాత్రల తర్వాత వచ్చింది. ఏప్రిల్‌లో మాత్రం నడుము నొప్పి లేదు, జలుబూ జ్వరమూ ఉంటే జలుబు మాత్రలు వేసుకున్నారంతే. ఆగస్టులో పుండు మానుతుండగా మళ్ళీ అవే నొప్పి మాత్రలు వేసుకుంటే ఏమీ కాలేదు. "కాబట్టి ఇది మాత్రల వల్ల కాదని నాకు అర్థమైంది" అని రాశారు. దగ్గర్లోని డాక్టరు హెర్పిస్ (పొక్కులు తెప్పించే వైరస్ జబ్బు) అన్నారు, దానికి వాడే ఎసైక్లోవిర్ ఇచ్చారు, 8 రోజుల్లో తగ్గింది. హెచ్‌ఐవీ, వీడీఆర్‌ఎల్ (సిఫిలిస్ కోసం చేసేది) పరీక్షలు నెగెటివ్. అయినా భార్య నమ్మలేదు. "రిపోర్టుల్లో అన్నీ కనపడవంట" అని బిడ్డను తీసుకుని పుట్టింటికి వెళ్లిపోయారు. బావమరిది ఫోన్ చేసి నిలదీశాడు. ఇది సుఖవ్యాధా, భార్య ఎదుట మాత్ర మింగి చూపిస్తే నమ్ముతుందా, ఇక నొప్పికి ఏం వేసుకోవాలి, నల్లమచ్చ పోతుందా అని అడుగుతున్నారు. తమ అక్కకు ఏ నొప్పి మాత్ర వేసుకున్నా దద్దుర్లు లేచి కనురెప్పలు వాస్తాయని, ఇది తమ కుటుంబానికే ఉన్న జబ్బా అనీ అడిగారు.

సమాధానం:

మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట మీరు మధ్యలో ఎక్కడో అనేసి వదిలేశారు: ఒకచోట వచ్చినప్పుడల్లా మిగతా రెండు పాత మచ్చలూ ఎర్రబడుతున్నాయి. మణికట్టు, పెదవి, మర్మాంగం మీది అవే పాత మచ్చలను ప్రతిసారీ ఒకేసారి ఎర్రబరచడం సుఖవ్యాధి తీరు కాదు. మాత్ర వల్ల వచ్చే ఒక చర్మ సమస్య మాత్రం అచ్చం ఇలాగే ఉంటుంది. దాన్ని ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు. ఉత్తరం చదివి జబ్బు తేల్చేయలేం, చర్మ వైద్యులు కళ్లతో చూడాల్సిందే. కానీ మీరు రాసిన వరస దానికి ఎంత బాగా సరిపోతుందంటే, ఇంతవరకు ఎవరూ ఆ కోణంలో అడగకపోవడం బాధ కలిగించింది.

ఇది ఎలా జరుగుతుందో చెబుతాను, మీ భార్యకు వివరించడానికి పనికొస్తుంది. ఒక మందు పడని శరీరంలో, మొదటిసారి మచ్చ వచ్చిన చోట రోగనిరోధక కణాలు కొన్ని చర్మం పైపొరలోనే మకాం వేస్తాయి. అదే మందు మళ్ళీ రక్తంలోకి రాగానే అవి ఆ చోటే చర్మ కణాల మీద పడతాయి. అందుకే ప్రతిసారీ అదే చోటు. మొదటిసారి రావడానికి వారం, రెండు వారాలు పట్టవచ్చు. తర్వాత్తర్వాత అరగంట నుంచి 8 గంటల లోపే మంట మొదలవుతుంది, కొందరికి ఒక రోజు పడుతుంది. మచ్చ గుండ్రంగానో కోలగానో, అంచు గీసినట్టుగా, ఎరుపులో ఊదారంగు కలిసి ఉంటుంది. మధ్యలో పొక్కు లేవచ్చు. మానాక గోధుమరంగో బూడిద కలిసిన నలుపో మిగులుతుంది. పెదవులు, మర్మాంగం, చేతులు దీనికి మామూలు చోట్లు. మందు ఆపకపోతే కొత్త చోట్లు చేరుతూ పోతాయి. మీకు జరిగింది అదే.

హెర్పిస్ తీరు వేరు. ముందు చిటపటలాడి, చిన్న చిన్న నీటిపొక్కులు గుత్తిగా లేస్తాయి, పగిలి పక్కు కడతాయి. ఏళ్ల తరబడి చెరగని గుండ్రటి నల్లమచ్చను అది మిగల్చదు. ఎసైక్లోవిర్‌తో 8 రోజుల్లో తగ్గిందంటున్నారు. మందు వల్ల వచ్చిన మచ్చ కూడా ఏమీ వాడకపోయినా వారం, పది రోజుల్లో తనంతట తానే మానుతుంది. కాబట్టి ఆ తగ్గడం దేనికీ రుజువు కాదు.

ఇక మీరు పొరపడిన చోటు. ఆగస్టులో పుండు మానుతుండగా మళ్ళీ అవే మాత్రలు వేసుకుంటే ఏమీ కాలేదన్నారు. ఒకసారి గట్టిగా వచ్చి తగ్గాక, ఆ చర్మం కొన్ని వారాలపాటు అదే మందుకు స్పందించకుండా ఊరుకోవచ్చు. చర్మ వైద్యులు కూడా అందుకే మచ్చ తగ్గిన వెంటనే పరీక్ష పెట్టరు, కొన్ని వారాలు ఆగుతారు. ఆ ఒక్కసారి ఏమీ కాలేదని మాత్రలను నిర్దోషులుగా వదిలేయకండి.

ఏప్రిల్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. నడుము నొప్పికి మెడికల్ షాపుల్లో ఎక్కువగా ఇచ్చేది ఎసిక్లోఫెనాక్ 100 మి.గ్రా., పారాసిటమాల్ 325 మి.గ్రా. కలిపిన మాత్ర. కొన్నిటిలో వాపు తగ్గడానికనో, కండరాలు సడలడానికనో మూడో మందు కూడా ఉంటుంది. జలుబు మాత్రల్లో చాలావాటిలో పారాసిటమాల్‌తో పాటు ఫినైలెఫ్రిన్, క్లోర్‌ఫెనిరమిన్ లేదా సెట్రిజిన్ ఉంటాయి. ఈ రెండిట్లోనూ ఉన్న మందు పారాసిటమాల్! ఏమీ చేయదని అందరూ నమ్మే మందు. చాలామందికి నిజంగానే ఏమీ చేయదు, అయినా ఇలాంటి మచ్చలు తెప్పించే మందుల్లో అదీ ఉంది. ఇది ఊహ మాత్రమే. ఆ కవర్లలో ఏమున్నాయో తెలిస్తే తప్ప నేనైనా, మరెవరైనా గట్టిగా చెప్పలేం. విరేచనాలకిచ్చే మెట్రోనిడజోల్, టినిడజోల్, ఆర్నిడజోల్, నార్‌ఫ్లాక్సాసిన్ లాంటివి, కోట్రైమోక్సజోల్, డాక్సీసైక్లిన్ కూడా ఇలాంటి మచ్చలకు పేరుపడ్డ మందులే. ఆ రోజుల్లో కడుపు చెడి ఇంకేమైనా మింగారేమో గుర్తు తెచ్చుకోండి.

పేర్లు కనుక్కోవడానికి ఒక దారి ఉంది. మెడికల్ షాపుకు ఫోన్‌పేలోనో గూగుల్‌పేలోనో డబ్బు కట్టి ఉంటే ఏ తేదీన ఎంత కట్టారో ఫోన్లోనే ఉంటుంది. మచ్చకు ఫోటోలు తీసుకుని ఉంటే వాటికీ తేదీలుంటాయి. రెండూ పక్కపక్కన రాసుకోండి. తర్వాత ఆ షాపుకు వెళ్లి, గొడవకు కాకుండా, "నడుము నొప్పికి మామూలుగా ఏ మాత్రలిస్తారు, జలుబుకు ఏవిస్తారు, ఆ స్ట్రిప్పులు ఒకసారి చూపించండి" అని అడిగి వెనకవైపు ఫోటో తీసుకోండి. కంపెనీ పెట్టిన పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, మనకు కావాల్సింది దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే మందు పేరు. డోలో, క్రోసిన్, కాల్పాల్ అని పేర్లు మారినా లోపలున్నది పారాసిటమాలే. ఇకమీదట బిల్లు లేకుండా, పేరు కనపడకుండా కత్తిరించిన మాత్ర తీసుకోకండి. ఎసిక్లోఫెనాక్ లాంటివి అసలు డాక్టరు చీటీ మీదే అమ్మాలి, స్ట్రిప్పు మీద ఎర్రగీత ఉండేది అందుకే.

ఆ పేర్లతో మీరు చేయగలిగినవి మూడున్నాయి.

అనుమానం ఉన్న మందులన్నీ జీవితాంతం మానేయడం మొదటిది. ఖర్చు లేదు, ప్రమాదం లేదు. ఎసిక్లోఫెనాక్ మానితే డైక్లోఫెనాక్ కూడా మానాలి, రెండూ ఒకే కోవవి. నొప్పికి రాసుకునే జెల్‌లలో చాలావాటిలో ఉండేది డైక్లోఫెనాకే. దీంతో వచ్చే ఇబ్బంది ఏమిటంటే, పారాసిటమాల్ కూడా మానుకోవాలి. బెంగళూరులో వానాకాలం వచ్చిందంటే డెంగీ భయం. డెంగీ జ్వరంలో రక్తస్రావం భయంతో ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ఇవ్వరు, పారాసిటమాల్ ఒక్కటే ఇస్తారు. అదీ పడదేమో అన్న అనుమానంతో బతకడం కన్నా తేల్చుకోవడమే మేలని నా అభిప్రాయం.

రెండోది ప్యాచ్ పరీక్ష. అనుమానం ఉన్న మందును వాజలిన్ లాంటి దాంట్లో కలిపి, పాత మచ్చ మీదే అంటించి, ఒకటి రెండు రోజుల తర్వాత చూస్తారు. మీ మణికట్టు మచ్చ దీనికి అనుకూలం. ఎర్రబడితే దాదాపు దొరికినట్టే. ఎర్రబడకపోతే మాత్రం ఆ మందు మంచిదని అర్థం కాదు, చాలాసార్లు ఇది తప్పించుకుపోతుంది.

మూడోది ఆసుపత్రిలో మందు తినిపించి చూడటం. మాత్రలో చిన్న ముక్కతో మొదలుపెట్టి, గమనిస్తూ, ఒక్కో మందును విడివిడిగా పెంచుతూ ఇస్తారు. మచ్చ ఎర్రబడగానే ఆపేస్తారు. అన్నిటికన్నా ఖాయమైన జవాబు దీంతోనే వస్తుంది. దోషిని పట్టుకోవడానికే కాదు, మీకు పడే మందేదో తేల్చుకోవడానికీ ఇది పనికొస్తుంది. అనుమానం తక్కువున్న మందుతో మొదలుపెట్టి, పడితే దాన్ని మీ జాబితాలో రాసిస్తారు. దీనికి చాలా రోజులు పట్టవచ్చు, సెలవులు పెట్టాల్సి రావచ్చు, మచ్చ మళ్ళీ ఒకసారి ఎర్రబడవచ్చు. ఒళ్ళంతా పొక్కులు వచ్చిన చరిత్ర ఉన్నవాళ్లకు ఈ పరీక్ష చేయరు. రక్తం తీసి వందల అలర్జీలు చూస్తామనే ప్యాకేజీలతో ఈ సమస్య తేలదు, వాటికి డబ్బు పోయకండి.

మీకు విక్టోరియా ఆసుపత్రికి వెళ్లడం తేలిక. గ్రీన్ లైన్ మెట్రో ఎక్కి కె.ఆర్. మార్కెట్‌లో దిగితే చాలు. బౌరింగ్, సెయింట్ జాన్స్, ఎం.ఎస్. రామయ్య ఆసుపత్రుల్లోనూ చర్మ విభాగాలున్నాయి. ఇప్పుడు మచ్చ ఎర్రగా లేకపోయినా వెళ్లండి. మూడు చోట్లా ఉన్న నల్లమచ్చలు, మీ తేదీల కాగితం, స్ట్రిప్పుల ఫోటోలు చూపించండి. డాక్టరుకు సందేహం మిగిలితే మణికట్టు మచ్చ నుంచి చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపవచ్చు. ఏ మందో అది చెప్పదు గానీ, ఇది ఆ జాతి మచ్చేనా అన్నది చాలావరకు చెబుతుంది.

ఇప్పుడు మీ భార్య ఎదుట మాత్ర మింగి చూపించాలన్న ఆలోచన. దయచేసి ఆ పని చేయకండి. ఈసారి మూడు చోట్లతో ఆగుతుందన్న హామీ లేదు. పదే పదే మందు పడుతూ పోతే కొందరిలో ఒళ్ళంతా పెద్ద పెద్ద పొక్కులు లేచి, కాలిన గాయాలైన రోగిలా చూసుకోవాల్సి వస్తుంది. ప్రాణాపాయం కూడా ఉంది.

ఆమెను నమ్మించడానికి అంతకన్నా మంచి మార్గం ఆమెను మీతోపాటు చర్మ వైద్యుల దగ్గరకు తీసుకెళ్లడం. మణికట్టు, పెదవి, కింద ఉన్న మచ్చ, మూడూ ఒకటేనని ఆమె కళ్లతో చూసి, డాక్టరు నోటి వెంట వినాలి. మీరు అడగాలనుకోని ప్రశ్నలు కూడా ఆమె అడగవచ్చు, అడగనివ్వండి. ఆమె రానంటే డాక్టరు చీటీ, తేదీలున్న ఫోటోలు పంపండి. చీటీలో జబ్బు పేరు, అనుమానిత మందు పేరు స్పష్టంగా రాయమని అడగండి. మదనపల్లెలోనే ఆమెకు నమ్మకమున్న చర్మ వైద్యుల దగ్గరకు మీరు వెళ్లి చూపించుకుంటానని చెప్పినా సరే. బావమరిదితో వాదనకు దిగితే మాత్రం మీ ఇద్దరి మధ్య ఉండాల్సిన విషయం ఊరంతటిదీ అవుతుంది.

ఆమె అన్న మాటలో కొంత నిజముంది, అది ఒప్పుకోండి. హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు మొదటి వారాల్లో నెగెటివ్ రావచ్చు. 3 నెలల తర్వాత మళ్ళీ చేయిస్తే ఆ సందేహం తీరుతుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ కేంద్రాల్లో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం, వివరాలు బయటికి చెప్పరు. ఒక్క జాగ్రత్త: హెర్పిస్‌కు ఐజీజీ (ఎప్పుడో సోకిన జాడను చూపే) రక్తపరీక్ష చేయించుకోకండి. నోటి దగ్గర వచ్చే రకం హెర్పిస్ చిన్నప్పుడే సోకి ఉంటుంది చాలామందికి, అది పాజిటివ్ వస్తే ఇంట్లో నిప్పు రాజేసినట్టే. నిజంగా తేల్చాలంటే, మళ్ళీ పొక్కు లేచిన మొదటి రెండు రోజుల్లో దాని నుంచి దూదిపుల్లతో తీసిన నమూనాకు వైరస్‌ను నేరుగా పట్టే పీసీఆర్ పరీక్ష చేయాలి.

ఈ మచ్చ అంటుకునేది కాదు. పుండు పచ్చిగా ఉన్నన్నాళ్లు కలయికకు దూరంగా ఉండమనేది మీ చర్మం కోసమే. అప్పుడు ఉట్టి నీళ్లతో కడిగి, వాజలిన్ రాయండి. డెట్టాల్ వద్దు. షాపులో అన్నిటికీ ఇచ్చే మూడు మందులు కలిసిన ట్యూబు అసలే వద్దు, అందులోని గట్టి స్టెరాయిడ్ ఆ సున్నితమైన చోట చర్మాన్ని పలచబరుస్తుంది. స్టెరాయిడ్ అవసరమైతే ఏది, ఎన్ని రోజులో డాక్టరే చెప్పాలి.

పరీక్ష అయ్యేదాకా నడుము నొప్పికి మాత్ర లేకుండా గడపడం కష్టమే. మెషిన్ ముందు కాళ్ల కింద మందపాటి రబ్బరు మ్యాట్ వేసుకుని, ఒక కాలు అర అడుగు ఎత్తు పీట మీద పెట్టి, కాసేపటికి కాలు మారుస్తూ ఉండండి. రాత్రి గుడ్డ చుట్టిన వేడినీళ్ల బ్యాగు 15, 20 నిమిషాలు పెట్టండి. ఫిజియోథెరపిస్టు దగ్గర వ్యాయామాలు నేర్చుకోండి. మాత్ర తప్పదనిపిస్తే చర్మ వైద్యులనే అడగండి. ఐబూప్రొఫెన్ లాంటి వేరే కోవ మందు మొదటి మోతాదు వాళ్ల కళ్లముందే వేసుకోవచ్చు. నాటువైద్యం పేరుతో ఇచ్చే పొడుల జోలికి పోకండి, కొన్నిటిలో నొప్పి మందులు, స్టెరాయిడ్లు కలిపేస్తారు. కాలు తిమ్మిరెక్కి బలం తగ్గినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, అది వేరే సమస్య.

మీ అక్కది మీది కాదు. ఆమెకు ఏ నొప్పి మాత్రకైనా దద్దుర్లు, కనురెప్పల వాపు వస్తున్నాయంటే అది ఒక్క మందు మీద అలర్జీ కాకపోవచ్చు. ఈ మాత్రల్లో చాలావరకు కాక్స్-1 అనే ఎంజైమును అడ్డుకుంటాయి. దాంతో కొందరిలో ల్యూకోట్రయీన్లు అనే వాపు పుట్టించే రసాయనాలు పెరిగి, చర్మంలోని మాస్ట్ అనే రోగనిరోధక కణాలు దద్దుర్లు తెప్పించే హిస్టమిన్‌ను వదిలేస్తాయి. అందుకే ఆమె ఎన్ని రకాలు మార్చినా ఫలితం లేదు. ఇలాంటివాళ్లలో ఎక్కువమందికి పారాసిటమాల్ 500 మి.గ్రా. పడుతుంది, ఒకేసారి 1000 మి.గ్రా. వేస్తే కొందరికి పడదు. ఎటోరికాక్సిబ్ అనే వేరే రకం నొప్పి మాత్రను కూడా చాలామంది తట్టుకుంటారు, కానీ మొదటి మాత్ర ఆసుపత్రిలోనే వేసుకోవాలి. మాత్రలు వేసుకోని రోజుల్లోనూ దద్దుర్లు వస్తున్నాయా, ఉబ్బసం ఉందా అని డాక్టరు అడుగుతారు, ఆలోచించుకుని వెళ్లమనండి. నాలుక వాచినా, ఊపిరి ఆడకపోయినా, కళ్లు తిరిగినా సెట్రిజిన్ మింగి కూర్చోకుండా 108కి ఫోన్ చేయాలి. అప్పుడు కావాల్సింది తొడలో ఇచ్చే అడ్రినలిన్ ఇంజెక్షన్.

మీకూ కొన్ని ప్రమాద సూచనలున్నాయి. జ్వరంతో పాటు కళ్లు ఎర్రబడి మండినా, నోట్లో పుళ్లు లేచినా, చర్మం తాకితే నొప్పి పుట్టినా, మచ్చలు ఒళ్ళంతా పాకి పొక్కులై ఊడుతున్నా ఒక్క రోజు కూడా ఆగకండి. వేసుకున్న మాత్రల స్ట్రిప్పులన్నీ పట్టుకుని పెద్దాసుపత్రికి వెళ్లండి. మందు తేలాక దాని పేరు, అదే కోవ మందుల పేర్లు ఇంగ్లీషులో రాసిన కార్డు పర్సులో పెట్టుకోండి. పంటి డాక్టరుకైనా, ఫ్యాక్టరీ ఫస్ట్ ఎయిడ్ డబ్బా దగ్గరైనా ముందు అది చూపించండి. మందుల దుష్ప్రభావాలను నమోదు చేసే ఫార్మకోవిజిలెన్స్ ప్రోగ్రాం ఆఫ్ ఇండియా వాళ్ల టోల్ ఫ్రీ నంబరు 1800-180-3024కు మీరే ఫోన్ చేసి ఈ సంగతి నమోదు చేయించవచ్చు. డాక్టరే చెప్పాలన్న నియమం లేదు.

నల్లమచ్చ పోతుందా అని కూడా అడిగారు. నెమ్మదిగా పలచబడుతుంది, నెలలు పట్టవచ్చు, ఏళ్లు పట్టవచ్చు. రంగు చర్మం లోపలి పొరలోకి దిగిపోయి ఉంటుంది కాబట్టి తెల్లబరిచే క్రీములు అక్కడిదాకా పనిచేయవు. నలుపు అలాగే ఉందంటే జబ్బు మిగిలుందని కాదు. మళ్ళీ ఎర్రబడి మంట పుడితేనే ఆ మందు ఎలాగో ఒంట్లోకి వచ్చిందని అర్థం. అప్పుడు వెనకటి 24 గంటల్లో ఏమేం మింగారో వెంటనే రాసిపెట్టుకోండి.